భుయ్యాడీహ్‌లో పదకొండు అడుగులు

జంషెడ్‌పూర్ వెళ్లొచ్చానని చెప్తే విశాఖపట్నంలో అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. కార్ఖానా చూశావా? చూడలేదు. గేటు బయట నిలబడి పొగగొట్టాలు లెక్కపెట్టి వచ్చేశాను. ఆ ఊళ్లో నేను చూసిందల్లా ఒక మూడంతస్తుల బిల్డింగు. అందులోనూ ఎక్కువసేపు చూసింది ఒక గది పైకప్పు. పైకప్పు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా, మనింటికి లేదా పైకప్పు అని మా నాన్న వెక్కిరించాడు. జరిగింది విన్నాక మాత్రం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. ఇంజనీరింగు పై చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నా థీసిస్ విషయం కాంక్రీటు భవనాల్లో బాల్కనీల డిజైను. గోడలోంచి బయటికి చాపిన చెయ్యిలా ఉండే శ్లాబు అన్నమాట, కింద ఏ ఆధారమూ ఉండదు. లెక్కలన్నీ వేసి, బొమ్మలన్నీ గీసి, నూట ఇరవై పేజీలు పట్టుకెళ్లి మా గైడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన తీరిగ్గా తిరగేసి, "లెక్కలు బాగున్నాయి. ఇందులో ఎవరైనా కాపురం ఉంటున్నారా?" అన్నారు. జనం ఉంటున్న బిల్డింగు ఒకటి చూసి, డ్రాయింగు దగ్గర పెట్టుకుని కొలిచి, నా లెక్కతో పోల్చి చూపిస్తేనే సంతకం పెడతానన్నారు. ఆ సంతకం లేకపోతే నా రెండేళ్లు గంగలో కలిసినట్టే.

అదే వారం మా సరోజక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అక్క మా పెద్దమ్మ కూతురు. బావ జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌లో, రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. క్వార్టరు దొరక్క, భుయ్యాడీహ్ అనే పేటలో ఒక కాంక్రీటు బిల్డింగు పై వాటాలోకి అద్దెకు దిగారట. "బాల్కనీ కూడా ఉందిరా సత్యం, కాని తలుపుకి ఎవరో మేకులు కొట్టేశారు" అని రాసింది. బాల్కనీ అనే మాట దగ్గరే నేను లేచి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. తర్వాతి సగం మీద నా బుద్ధి నిలవలేదు.

మట్టి ముంత

ఖరగ్‌పూర్‌లో బండి మారాక తెల్లవారింది. ఏదో స్టేషన్లో టీ తాగాను, ముప్పై పైసలు. మన దగ్గర గాజు గ్లాసు తిరిగి ఇచ్చెయ్యాలి. అక్కడ చిన్న మట్టి ముంతలో పోసిస్తారు, తాగాక పట్టాల మీదకి విసిరి పగలగొట్టాలి. నాకు చేతులు రాలేదు. కుండ పగలగొట్టడమంటే మన వైపు ఎప్పుడు చేస్తారో మీకు తెలుసు. ముంతని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. అడుగున మిగిలిన టీ కాస్తా కారి, నేను ప్రాణంలా దాచుకున్న గ్రాఫు కాగితాలన్నీ గోధుమరంగు పూసుకున్నాయి.

ఎదురు సీటాయన నా అవస్థ చూసి నవ్వాడు. పాలకొండ వైపు మనిషి, పాతికేళ్లుగా జంషెడ్‌పూర్‌లో కాంట్రాక్టు పనులు చేస్తున్నాడు. అక్కడ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం పేటలకు పేటలే ఉన్నారని ఆయనే చెప్పాడు.

"భుయ్యాడీహ్‌లో ఎక్కడేటి బాబూ, మీవోలు?"

నాకు తెలిసిన గుర్తులు చెప్పాను. సువర్ణరేఖ నదికి వెళ్లే దారి, మూడంతస్తులు, కింద సైకిలు రిపేరు షాపు.

"అప్పలసామి మేస్త్రి కట్టిన బిల్డింగేటి? ఏ వాటా?"

"పై వాటా."

ఆయన చేతిలో ముంత ఉంది. అప్పటిదాకా తాగిన ముంతలన్నీ గిరాటు పెట్టిన మనిషి, ఆ ఒక్కదాన్నీ కిటికీ అంచు మీద మెల్లిగా పెట్టాడు.

"ఎందుకండీ, బాగోదా బిల్డింగు?"

"సేసే, ఏటీ నేదు. శానా మంచి మేస్త్రి" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. టాటానగర్ వచ్చేదాకా మళ్లీ నా ముఖం చూడలేదు. దిగేటప్పుడు మాత్రం, "నాలుగ్గంటలప్పుడు ఇంట్లో ఉండకండి బాబూ" అన్నాడు. అదేదో వానొస్తుంది గొడుగు తీసుకెళ్లమన్నట్టు చెప్పి, జనంలో కలిసిపోయాడు.

పై వాటా

ఆ ఊరి పొద్దు కంపెనీ సైరన్‌తో మొదలవుతుంది. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు, తిట్టుకోవడానికి రెండూ. పొద్దున్నే మరమరాల మీద వేడి వేడి బఠాణీ కూర పోసి ఆకు దొన్నెలో ఇస్తారు, ఘుగ్నీ అంటారు. అర్ధరూపాయికి కడుపు నిండుతుంది. మా అక్క మాత్రం, అది టిఫినేటిరా అని ఈసడించి, నాకు పెసరట్టు పోసింది. సాయంత్రం పూట ఉన్నట్టుండి ఆకాశం ఒక మూల ఎర్రగా అయిపోతుంది. ఇనుము కరిగించాక కొలిమిలో మిగిలే ఎర్రటి చిట్టెం కుమ్మరిస్తున్నారట. మొదటిసారి చూసి నేను లేచి నిలబడ్డాను. మూడేళ్ల మేనకోడలు బుజ్జి మాత్రం తలెత్తకుండా అన్నం తింటూనే ఉంది.

మర్నాడు పక్క పేట సీతారాండేరాలో ఉన్న ఇంటి యజమాని దగ్గరికి వెళ్లి డ్రాయింగు అడిగి తెచ్చాను. చక్కని డ్రాయింగు. బాల్కనీ నాలుగడుగులు బయటికి ఉంది, అయిదంగుళాల మందం. చువ్వలు ఉండాల్సిన చోట, అంటే పై అంచుకి ముప్పావు అంగుళం కిందుగా చూపించారు. మీ చెయ్యి చాపి అరచేతిలో బిందె పెడితే పైభాగం లాగుతుంది కదా, ఇలా చాపిన శ్లాబుకి, కాంటిలివర్ అంటాం, దానికి కూడా లాగేది పైనే. అందుకే చువ్వలు పైన ఉండాలి. లెక్క కట్టాను. డిజైను దివ్యంగా ఉంది.

తలుపు మాత్రం చూడ్డానికే బాగాలేదు. రెండు రెక్కల మీదా అడ్డంగా రెండు చెక్కలు పెట్టి పెద్ద పెద్ద మేకులు దిగ్గొట్టారు. పద్నాలుగు మేకులు. ఎవరో కోపంతో కొట్టినవి కావు, కొలిచి సమానమైన ఎడంలో కొట్టారు.

"శుక్రవారం అమ్మోరి సంబరంరా" అంది అక్క. "ఘటాల ఊరేగింపు సరిగ్గా ఈ బాల్కనీ కిందనుంచే ఎల్తాది. పక్కింటోళ్లు, మా షెడ్డోళ్ల ఆడవాళ్లు అందరూ నీ బాల్కనీలోంచి సూత్తాం సరోజా అని ముందే సెప్పేశారు. నువ్వు ఇంజినీరువి కదా, తీయొచ్చో లేదో సెప్పు."

నేను డ్రాయింగు మడుస్తూ, "ఇరవై మంది ఎక్కి గెంతినా దీనికేం కాదు" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు.

కింది వాటా

మేస్త్రి కింది అంతస్తులోనే, సరిగ్గా అక్క వాళ్ల గది కింది గదిలోనే ఉంటాడని తెలిసి ఆ మధ్యాహ్నం వెళ్లాను. కట్టిన మనిషి నోటితో నాలుగు మాటలు రాసుకుంటే థీసిస్‌కి బాగుంటుందని ఆశ. అప్పలస్వామి మేస్త్రి అరవై ఏళ్ల మనిషి, సన్నగా, తిన్నగా ఉన్నాడు. చేతివేళ్లు సున్నం తిని పగుళ్లు తేలి ఉన్నాయి. కూతురు గౌరి హిందీ బళ్లో పదకొండో తరగతి చదువుతోంది. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల.

"రా బాబూ, కూకో. కాసేపు మాటాడకు. ఏళయిపోనాది" అన్నాడు మేస్త్రి.

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. గౌరి పొయ్యి మీద గిన్నె దించి, గరిటె చప్పుడు కాకుండా పక్కన పెట్టింది. ఎందుకు ఊరుకున్నామో తెలియకుండానే నేనూ ఊరుకున్నాను.

పైకప్పులో మెట్ల వైపు మూల టక్కుమని ఒక చప్పుడు. ఒక క్షణం ఆగి, రెండడుగుల ఇవతల ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ఉత్త కాళ్లతో, బరువు మోస్తూ, జాగ్రత్తగా నడిచే మనిషి అడుగులు. మా తల మీదుగా గది దాటాయి. మేస్త్రి గడ్డం ఎత్తి వాటి వెంట చూపు నడిపించాడు. తొమ్మిదోది గుమ్మం దగ్గర. పది, పదకొండు కిటికీకి పైన, బయట, బాల్కనీలో. పదకొండోది కొంచెం గట్టిగా, తల మీది బరువు దించినట్టు వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

"మా నూకాలు" అన్నాడు మేస్త్రి, పక్కింటావిడ సంగతి చెప్పినంత మామూలుగా. "ఎల్లడమే గాని రావడం ఉండదు."

నూకాలు ఆయన భార్య. ఈ బిల్డింగు పనిలో కాంక్రీటు తట్టలు మోసింది. బిల్డింగు పూర్తయిన ఏడే జ్వరం వచ్చి పోయిందని గౌరి చెప్పింది. నా వీపు మీద రోమాలు లేచిన మాట నిజం. అయినా చదువుకున్నవాణ్ని కదా, నోరు ఊరుకోలేదు. ఎండకి శ్లాబు సాగుతుంది, పొద్దు వాలాక ముడుచుకుంటుంది, అప్పుడిలా చప్పుళ్లు చేస్తుందని పాఠం చెప్పాను. మేస్త్రి శ్రద్ధగా విన్నాడు.

"అవ్వొచ్చు బాబూ" అన్నాడు.

పన్నెండో అడుగు

ఇదేదో తేల్చేద్దామని మర్నాడు నాలుగింటికి నేను పైన అక్క గదిలో సరిగ్గా ఆ దారి మధ్యన నిలబడ్డాను. అక్క బజారుకి వెళ్లింది, బావ డ్యూటీలో ఉన్నాడు. గదిలో నేనొక్కణ్నే. గడియారం నాలుగు దాటింది, నాలుగుంబావు అయింది. ఒక్క చప్పుడూ వినిపించలేదు. అరికాళ్ల కింద నేల వెచ్చగా ఉంది, అంతే. ఈల వేసుకుంటూ కిందికి దిగాను.

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముఖం మీద కోపం లేదు కాని నొచ్చుకున్నట్టు ఉంది.

"అడ్డంగా ఎందుకు నిలబడ్డావు బాబూ? నిండు తట్టతో వత్తన్న మడిసికి దారివ్వాల గదా. సుట్టూ తిరిగెల్లింది."

నేను గౌరి వైపు చూశాను, నవ్వుతుందేమోనని. ఆ పిల్ల నోట్‌బుక్కులోంచి తలెత్తకుండా, "ఆజ్ బారా థే" అంది. ఇవాళ పన్నెండు అని. రోజూ పదకొండు, ఆరేళ్లుగా లెక్కే తప్పలేదట.

నేను ఎక్కడ నిలబడ్డానో వాళ్లకి తెలిసే వీలు లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. బావ నన్ను చూసి, ఏరా దెయ్యాన్ని గాని చూశావా అని ఆట పట్టించాడు. ఈ వాటాలో దెయ్యం ఉందని అద్దెకి దిగేటప్పుడే మేస్త్రి చెప్పాడట, అందుకే అద్దె తక్కువట. బావకి తక్కువ అద్దె దొరకడమే ముఖ్యం. దెయ్యం గురించి ఆయన పట్టించుకోలేదు.

పద్నాలుగు మేకులు

భయపడ్డవాడికి రోషం ఎక్కువ. మర్నాడు పొద్దున్నే బావ పనిముట్ల సంచిలోంచి పట్టుకారు తీసి, ఒక్కొక్క మేకూ ఊడబెరికాను. పద్నాలుగోది వచ్చేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా దూరాన సువర్ణరేఖ ఇసుక మెరుస్తోంది, అక్క చప్పట్లు కొట్టింది. బాల్కనీ మీద ఆరేళ్ల దుమ్ము ఉంది, ఒక్క అడుగు గుర్తూ లేదు. గుమ్మం పక్కన, శ్లాబు గోడలోంచి బయలుదేరే చోట, వెంట్రుకంత సన్నని చీలిక ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. పై పూత చీలిక అనుకున్నాను. గట్టిగా రెండు అడుగులు వేసి, అంచు దాకా వెళ్లి, వెనక్కి వచ్చాను. అక్క వడియాల గుడ్డ తెచ్చింది, బుజ్జి ఆ గుడ్డ కొస పట్టుకుని వెనకాలే వస్తోంది.

"ఎక్కొద్దు!"

మెట్ల దగ్గర మేస్త్రి ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక గౌరి, నోరు తెరుచుకుని. బిల్డింగు పూర్తయ్యాక నాన్న ఈ మెట్లెక్కడం ఇదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది.

"ఎక్కొద్దమ్మా. పిల్లని తీసుకుని ఇవతలకి రా. ఆవిడి దారది. నీకు దణ్ణవెడతాను."

అక్క భయపడి బుజ్జిని చంకనెత్తుకుంది. నాకు ఒళ్లు మండింది. డ్రాయింగు తెచ్చి ఆయన ముందు పరిచాను. చువ్వలు ఎక్కడున్నాయో, లెక్కెంత వచ్చిందో వేలు పెట్టి చూపించి, మీరు కట్టిన పని మీద మీకే నమ్మకం లేదా అని అడిగాను. ఆయన డ్రాయింగు చాలాసేపు చూశాడు. చదవడం వచ్చినవాడి చూపే అది. మెట్లు దిగిపోయాడు.

అక్క వడియాల గుడ్డ మడిచి లోపల పెట్టేసింది. "నువ్వు తేల్చి సెప్పు తమ్ముడూ. రేపే సంబరం. జనాన్ని రమ్మనమంటావా, వద్దంటావా?" అంది.

సుద్దముక్క

తేల్చాలంటే నాకు తెలిసిన పద్ధతి కొలవడమే. ఆ మధ్యాహ్నం గౌరిని బతిమాలి, వాళ్ల మంచం మీద ముక్కాలిపీట వేసుకుని, సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. నాలుగైంది. చప్పుడు వచ్చిన ప్రతి చోటా పైకప్పు మీద గుర్తు పెట్టాను. గది లోపల తొమ్మిది, కిటికీలోంచి వంగి చూసి బయట రెండు. చేతికి అందేంత దగ్గర్లో, శ్లాబుకి అవతలి పక్కన ఎవరో నడుస్తుంటే సుద్ద పట్టుకుని వెంటపడ్డం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. అయిదో గుర్తు దగ్గర సుద్ద విరిగింది. ఏడుపొచ్చినంత పనైంది, అయినా దిగలేదు.

ఆ గుర్తుల్ని కొలిచి డ్రాయింగు మీదకి ఎక్కించాను. ఎండకి చప్పుడు చేసే శ్లాబు దూలాల వెంబడి, గోడల వెంబడి చెయ్యాలి. ఇవి దేని వెంబడీ లేవు. మెట్ల దగ్గర మొదలై, గదికి ఐమూలగా వెళ్లి బాల్కనీ కుడి అంచున ఆగాయి. తొందరలో ఉన్న మనిషి పట్టే అడ్డదారి. కాగితాన్ని మేస్త్రి ముందు పెట్టి, "ఇటువైపు నుంచి ఎవరు నడిచారు మేస్త్రీ?" అని అడిగాను. ఈసారి పాఠం చెప్పడానికి అడగలేదు.

ఆయన ఆ పదకొండు చుక్కల మీద వేలు నడిపించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"తట్టల దారి" అన్నాడు. "శ్లాబు పోసిన రోజు."

తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దున్న సువ్వలన్నీ సరిగ్గానే కట్టాను బాబూ. ఇంజినీరొచ్చి సూసి సంతకం పెట్టి ఎల్లిపోయాడు. ఆడోలు సువ్వల్ని తొక్కకుండా పైన పలకలు ఏయించాను. పోత మొదలెట్టాక పలకలు తడిసి జారిపోతన్నాయి. వరసలో ముందు నడిసేది నూకాలు. రెండుసార్లు జారింది. మోకాలు సితికింది. పలకలు తీయించెయ్యయ్యా, సువ్వల మీదైతే కాలికి పట్టు దొరుకుతాది అంది. పలకలు తీయకూడదని నాకు తెల్దేటి? తెలుసు. దాని మోకాలు సూసి తీయించేశాను."

ఇరవై మంది ఆడవాళ్లు, నిండు తట్టలతో, రోజంతా. చువ్వలు ఎటు పోయి ఉంటాయో ఆయన చెప్పక్కర్లేదు. పొద్దున్న ఆ శ్లాబు అంచున నిలబడింది నేను. నా వెనకాలే అడుగు వెయ్యబోయింది మూడేళ్ల పిల్ల.

"సాయంకాలం సూసుకుంటే సువ్వలన్నీ అడుక్కి కుంగిపోనాయి. అప్పటికే పోసేసినాం. నాను నోరిప్పలేదు. బిల్డింగు అయిపోకముందే మేకులు నానే కొట్టాను. వాటాలో దెయ్యం ఉందని అందరికీ సెప్పింది నానే. అబద్దవే సెప్పాను బాబూ, ఎవులూ అటెల్లకండా. నూకాలు పోయిన నెలకే, నిజంగానే నడక ఇనపడింది."

"ఆరేళ్లు! ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నారు?" అని అరిచాను. పెద్దమనిషి మీద అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను, కాని అప్పుడు ఆగలేకపోయాను.

"సెబితే ఇరగ్గొడతారు" అన్నాడాయన. "ఇరగ్గొడితే ఆవిడెక్కడికి నడుత్తాది?"

గౌరి అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. ఈ మాటలేవీ ఆ పిల్లకి తెలియవు. అమ్మ నడుస్తుందని మాత్రమే తెలుసు. వచ్చి తండ్రి పక్కన కూర్చుని, నేను విన్నంతలో మొదటిసారి తెలుగులో అంది: "నాన్నా, రేపు కింద ఘటం ఎత్తుకుని నేను ఎల్తన్నాను కదా. ఆ బాల్కనీ కిందనుంచే."

మేస్త్రి కూతుర్ని చూశాడు. తర్వాత మంచం కిందకి వంగి, గోనెగుడ్డలో చుట్టిన ఉలి, సుత్తి బయటికి లాగాడు.

నాలుగంగుళాలు

సాయంత్రం వెలుగు ఉండగానే గుమ్మం ఇవతల కూర్చుని, చెయ్యి మాత్రం చాపి, చీలిక పక్కన చెక్కించాను. ఉలి పట్టింది మేస్త్రే. నన్ను ముట్టుకోనివ్వలేదు. ముప్పావు అంగుళం దగ్గర చువ్వ తగలాలి. తగల్లేదు. రెండంగుళాల దగ్గరా లేదు. మూడు కూడా దాటింది. దాదాపు నాలుగంగుళాల లోతులో ఉలి ఇనుముని తాకి ఖణేలుమంది. అంటే ఆ బాల్కనీకి పైన ఇనుమే లేదు. తన బరువు వరకు కాంక్రీటు మొండిగా పట్టుకుని ఉంది. ఖాళీగా ఉంటే ఉంటుంది, ఇరవై మంది ఎక్కితే ఉండదు. అక్క పక్కనే నిలబడి వింది. లోపలికి వెళ్లి బుజ్జి పక్కన పడుకుంది.

శుక్రవారం తెల్లవారగానే బావ సైకిలు మీద సీతారాండేరా వెళ్లి యజమానిని లేపుకొచ్చాడు. ఆయన గొణిగాడు, గుంట చూశాడు, కానివ్వమన్నాడు. మేస్త్రి పాత జట్టువాళ్లు నలుగురు వచ్చి బాల్కనీ కింద సాల కర్రలు దట్టంగా నిలబెట్టారు. వీధికి తాడు కట్టారు. మేస్త్రి గుమ్మంలో నిలబడి సమ్మెట ఎత్తాడు. ఎత్తేముందు, ఆ నేల మీద అరచెయ్యి ఆనించి, నోట్లో ఏదో అనుకున్నాడు. నాకు వినిపించలేదు, అడగలేదు కూడా.

అంచు నుంచి కొంచెం కొంచెంగా విరగ్గొట్టుకుంటూ రావాలని నా ప్లాను. ఆ ప్లానుతో పని పడలేదు. రెండో దెబ్బకే చీలిక నోరు తెరిచింది, బాల్కనీ మొత్తం ఒక్క ముక్కగా సాల కర్రల మీద కూర్చుంది. కర్రలు లేకపోతే వీధిలో కూర్చునేది. బావ తాడు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. మధ్యాహ్నానికి ముక్కలు చేసి ఎత్తేశారు, గుమ్మానికి అడ్డంగా అడుగుకో కర్ర కట్టారు.

నేను తిరిగి వచ్చాక మా గైడుగారు ఈ బాల్కనీ అధ్యాయం చదివి, ఎక్కడ చెక్కి చూడాలో నీకెలా తెలిసిందని అడిగారు. కట్టిన మేస్త్రి చెప్పాడన్నాను. అది అబద్ధం కాదు. సంతకం పెట్టారు. చుక్కల గీత ఉన్న కాగితం మాత్రం థీసిస్‌లో లేదు, నా దగ్గరే ఉంది.

నాలుగ్గంటలు

ఆ శుక్రవారం నాలుగింటికి అందరం కింది గదిలోనే ఉన్నాం. రమ్మని ఎవరినీ ఎవరూ పిలవలేదు. అక్క, బావ, ఒళ్లో బుజ్జి, నేను. గౌరి పసుపు చీర కట్టుకుని, ఘటానికి వేపరెమ్మలు చుట్టి ముందు పెట్టుకుని కూర్చుంది. దూరంగా వీధి మొగలో డప్పులు వేడి చేస్తున్నారు. మేస్త్రి గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను పైకప్పు మీది నా సుద్ద గుర్తులే చూస్తూ కూర్చున్నాను. ఇక రాదు, రాకుండా చేసింది నేనే అనుకున్నాను.

మొదటి గుర్తు దగ్గర టక్కుమంది.

రెండు. మూడు. అదే నడక, అదే బరువు. అయిదు, ఆరు. గౌరి పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది, గుమ్మం దగ్గర, బరువు దించినట్టు గట్టిగా. అక్కడితో ఆగిపోయింది. దాని అవతల నేల లేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది. పదో అడుగు రాలేదు.

అప్పుడు, గుమ్మం దగ్గర్నుంచే, మళ్లీ వినిపించింది. ఈసారి ఇటువైపు. తేలిగ్గా, గబగబా, మా తల మీదుగా వెనక్కి. పొద్దున్నుంచీ పని చేసి ఇంటికెళ్లే మనిషి నడిచినట్టు మెట్ల దాకా వెళ్లి, సద్దుమణిగింది.

మేస్త్రి కళ్లు తెరిచాడు. ఆరేళ్లలో ఆ తిరుగు నడక ఆయన ఎప్పుడూ వినలేదు.

"ఉత్త తట్ట" అన్నాడు కూతురితో. "పనయిపోనాదమ్మా. అమ్మ వచ్చేత్తంది."

లేచి, ఘటం రెండు చేతులతో ఎత్తి, గౌరి తల మీద పెట్టాడు.